మోకాలి నొప్పి ఉందా? స్కీయింగ్ మానకండి, మధ్యాహ్నానికి ఆపేయండి

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో నలభై దాటినవాళ్ళ దగ్గర స్కీయింగ్ మాటెత్తితే రెండే సలహాలు వస్తాయి. ఒకటి, "మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఆ మంచులో నీకెందుకమ్మా, పిల్లల్ని స్కీ స్కూల్లో దింపేసి లాడ్జిలో కాఫీ తాగుతూ కూర్చో" అని. రెండోది, "ఏం కాదు వదినా, మోకాలికి నీక్యాప్ పట్టీ వేస్కో, పొద్దున్నే రెండు ఐబుప్రొఫెన్ వేస్కో, పద" అని. ఎడమ మోకాలు నొప్పితోనే ప్రతి చలికాలం కొండెక్కుతున్న మనిషిగా చెప్తున్నా, ఈ రెండూ తప్పే. మోకాలిని దెబ్బతీసేది మంచు కాదు, చాలామందికి వయసు కూడా కాదు. ఇంత డబ్బు పోసి టికెట్ కొన్నాం కాబట్టి పొద్దున తొమ్మిదికి కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్ట్ తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం నాలుగుకి మూసేదాకా దిగుతూనే ఉండాలి అనే గిట్టుబాటు లెక్క ఉంది చూశారూ, అదీ దెబ్బతీసేది.

ముందు నా మోకాలి సంగతి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి మోకాలు మనలో చాలామందికి ఉంది. నొప్పి చిప్ప వెనకాల ఉంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు ఎక్కువ, కార్లో మోకాళ్ళు మడిచి రెండు మూడు గంటలు కూర్చుంటే దిగేసరికి పట్టేసి ఉంటుంది. ఎమ్మారై తీస్తే మెనిస్కస్‌లో, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేదాంట్లో, చిన్న చిరుగు, అక్కడక్కడ ఎముకల చివర ఉండే కార్టిలేజ్ పొర పల్చబడింది అని రాసిచ్చారు. ఆ కాగితం వాట్సాప్‌లో గుంటూరు చేరిన రోజునే మా ఇంట్లో అందరూ కలిసి "గుజ్జు అరిగిపోయింది" అని తేల్చేశారు, ఇంక మంచు దగ్గరికి వెళ్ళొద్దని అమ్మ రోజూ ఫోన్. అమ్మ భయం నాకర్థమవుతుంది, వాళ్ళ తరంలో గుజ్జు అరిగింది అంటే కింద కూర్చోవడం మానేసి, నడక తగ్గించి, చివరికి ఆపరేషన్ కోసం ఎదురు చూడటమే. కానీ ఎమ్మారైలో కనిపించే చిరుగుకీ మనకొచ్చే నొప్పికీ సంబంధం అంత సూటిగా ఉండదు. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్ళో 50 నుంచి 90 ఏళ్ళ మధ్యవాళ్ళ మోకాళ్ళకి ఎమ్మారైలు తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు, మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి గానీ పట్టేయడం గానీ ఏమీ లేదు. ఫిన్లాండ్ డాక్టర్లు ఇంకా ముందుకెళ్ళి, అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మందిలో కొందరికి నిజంగా ఆపరేషన్ చేసి, మిగతావాళ్ళకి ఆపరేషన్ చేసినట్టు కోత మాత్రం పెట్టి కుట్టేశారు, ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లో చెప్పుకోదగ్గ తేడానే లేదు, ఆ ఫలితం 2013లో వచ్చింది. అంటే రిపోర్టులో చిరుగు అన్న మాట చూసి జీవితం సోఫాలోకి మార్చుకోనక్కర్లేదు.

అలాగని ప్రతి మోకాలూ కొండెక్కొచ్చు అనట్లేదు. నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోతున్నట్టు, పట్టు తప్పుతున్నట్టు ఉన్నా, మడిచాక లాక్ అయిపోయి తిన్నగా రాకపోయినా, కారణం లేకుండా వాపొచ్చి నీరు చేరుతున్నా, ముందు ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాకే స్కీయింగ్ సంగతి. నేను డాక్టర్ని కాదు, నేను మాట్లాడేది నాలాంటి మొండి, పాత, మెట్లు దిగేటప్పుడు సలిపే నొప్పుల గురించి మాత్రమే.

స్కీయింగ్‌లో మోకాలికి ఏమవుతుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కొండ దిగుతున్నంతసేపూ తొడ ముందు కండరాలు బరువుని మోస్తూ, సాగుతూ, బ్రేకులేస్తూ ఉంటాయి. మెట్లు దిగేటప్పుడు చేసే పని కూడా ఇదే, కాకపోతే ఇక్కడ గంటలకొద్దీ. ఆ కండరాల్లో సత్తువ ఉన్నంతసేపూ చిప్ప మీద ఒత్తిడి భరించగలిగేలా ఉంటుంది. కండరాలు అలిసిపోగానే మనిషి తనకి తెలియకుండానే వెనక్కి వాలతాడు, కుర్చీలో కూర్చున్నట్టు నడుము వెనక్కి పోతుంది, బూటు ముందు భాగానికి ఆనాల్సిన ముంగాలు, అంటే మోకాలి కింద కాలి ముందు భాగం, గాల్లోకొస్తుంది. అలా వెనక్కి కూర్చుని దిగితే అదే రన్‌లో, అంటే స్కీల మీద కొండ దిగే అదే దారిలో, మోకాలి మీద భారం బాగా పెరుగుతుంది, పైగా స్కీలు మన మాట వినవు, పడే అవకాశం ఎక్కువ. నొప్పి, ప్రమాదం, రెండూ అలసట దగ్గరే మొదలవుతాయి అని నేను అంత గట్టిగా అనడానికి ఇదే కారణం.

దీనికి కొలరాడో ఎత్తు తోడవుతుంది. మేం ఎక్కువగా వెళ్ళే కీస్టోన్ స్కీ రిసార్టులో కొండ అడుగే 9,280 అడుగుల ఎత్తులో ఉంటుంది, గొండోలా, అంటే తీగ మీద నడిచే మూసిన పెట్టె లిఫ్టు, దింపే డెర్కమ్ కొండ పైభాగం 11,640 అడుగులు. డెన్వర్‌లో ఉండేవాళ్ళకే మొదటి రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు, డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో దిగిన చుట్టాలకి చెప్పక్కర్లేదు. ఆ పొడి గాలిలో ఒంట్లో నీరు తెలియకుండా పోతుంది, నిద్ర లేక, నీళ్ళు చాలక కాళ్ళు ఇంకా తొందరగా చచ్చుబడతాయి. ఇంకో సంగతి, సాగుతూ పనిచేసిన కండరానికి ఒళ్ళునొప్పులు ఆ రోజు రావు, మర్నాడు, ఆ మర్నాడు ముదురుతాయి. అందుకే లాంగ్ వీకెండ్‌లో శనివారం బ్రహ్మాండంగా దిగినవాళ్ళు సోమవారం పొద్దున బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకుని వెళ్తారు, వెళ్ళి మళ్ళీ బూట్లు బిగించుకుంటారు, ఎందుకంటే మూడు రోజుల పాస్ కొన్నారు.

ఇక్కడే నాకు మావాళ్ళతో వాదన. కౌంటర్లో అప్పటికప్పుడు కొంటే ఒక్క రోజు టికెట్ 200 డాలర్లు దాటే రిసార్టులు ఇప్పుడు చాలా ఉన్నాయి. దాని మీద స్కీలు, బూట్లు అద్దె, పార్కింగు, పిల్లల క్లాసులు. తెల్లవారుజామున అయిదున్నరకి లేచి, ఉప్మానో పులిహోరో డబ్బాల్లో సర్దుకుని, ఐ-70 హైవే మీద ట్రాఫిక్‌లో పాకుతూ ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి చేరతాం. ఇంత చేసి పన్నెండున్నరకి ఆపేస్తానంటే "సగం డబ్బులు నేలపాలు" అంటారు. నేనేమంటానంటే, టికెట్ డబ్బులు కొన్న నిమిషంలోనే పోయాయి, మధ్యాహ్నం మనం దిగినా దిగకపోయినా అవి తిరిగి రావు, ఇంక మిగిలింది మన చేతిలో ఉన్నది మోకాలు ఒక్కటే. పైగా మధ్యాహ్నం దొరికేది పొద్దున దొరికిన కొండ కాదు. పొద్దున మెషీన్లతో చదును చేసిన మంచు మధ్యాహ్నానికి వేలమంది తొక్కి గుట్టలు గుట్టలైపోతుంది, మార్చి ఏప్రిల్లో అయితే ఎండకి కరిగి బురదలాగా స్కీని పట్టేస్తుంది, వెలుతురు తగ్గి ఎగుడుదిగుళ్ళు కనపడవు, చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మనలాగే అలిసిపోయి ఉంటారు. అంటే కాళ్ళు అతి బలహీనంగా ఉన్న సమయంలో కొండ అతి కష్టంగా ఉంటుంది. "ఇదొక్కటే, లాస్ట్ రన్" అని వెళ్ళి లిగమెంట్ తెంపుకున్నవాళ్ళ కథ ప్రతి తెలుగు గ్రూపులో ఒకటి ఉంటుంది. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటుకి ఆపరేషన్ అయితే ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మన జేబులోంచి కట్టే డిడక్టిబుల్, నెలల తరబడి ఫిజియోథెరపీ, మళ్ళీ ఆటల్లోకి రావడానికి తొమ్మిది నెలలో ఏడాదో. ఆ లెక్క పక్కన సగం రోజు టికెట్ ఎంత?

డబ్బు బాధ నిజమైనదే, దాన్ని తీసిపారేయను. అందుకే చెయ్యాల్సింది లెక్కని ముందే మార్చుకోవడం. సీజన్ పాసులు వసంతంలో, వేసవిలో కొంటే రోజుకి పడే ఖర్చు బాగా తగ్గుతుంది, పాస్ ఉంటే రెండు గంటలు దిగి ఇంటికెళ్ళినా మనసు పీకదు. కొన్ని చిన్న కొండల్లో హాఫ్ డే టికెట్ ఉంటుంది, ఎక్కువగా మధ్యాహ్నం నుంచే ఇస్తారు, మంచు పొద్దున అంత బాగుండకపోయినా తాజా కాళ్ళతో రెండున్నర గంటలు దిగడం అలిసిన కాళ్ళతో ఆ సమయంలో దిగడం కన్నా ఎంతో నయం. మూడు రోజులుంటే మధ్య రోజు టికెట్టే కొనొద్దు, ఫ్రిస్కోలోనో బ్రెకెన్‌రిడ్జ్‌లోనో ఊరు తిరగండి, నెమ్మదిగా నడవండి.

కొండ మీద నేను చేసేది చెప్తాను. మొదటి రన్ ఎంత తేలికైనది వీలైతే అంత తేలికైనది, ఒళ్ళు వేడెక్కడానికి. తర్వాత చిన్న రన్‌లు, మధ్యమధ్యలో ఆగుతూ, ఆగినప్పుడు మోకాళ్ళు వంచి కాదు, కాళ్ళు తిన్నగా పెట్టి నిలబడి. గంటకోసారి నీళ్ళు. ఆపే టైము పొద్దున్నే అనుకుని అదే పాటిస్తాను, నొప్పి వచ్చాక ఆపుదాం అంటే అప్పటికే ఆలస్యం. దిగడానికి ఓపిక లేకపోతే గొండోలాలో కూర్చుని కిందికి వచ్చేస్తాను. కీస్టోన్‌లో రివర్ రన్ గొండోలా సరిగ్గా అందుకు పనికొస్తుంది, పైదాకా ఎక్కినవాళ్ళు స్కీల మీదే దిగాలని రూలేం లేదు, కానీ మనవాళ్ళకి అదేదో నామోషీ అనిపిస్తుంది. ఎందుకు నామోషీ? పిల్లల ముందు ఈ మాట గట్టిగా చెప్పండి, అలిసిపోతే లిఫ్టులో దిగొచ్చని వాళ్ళు కూడా నేర్చుకుంటారు.

గ్రీన్ రన్‌లే, అంటే అన్నిటికన్నా తేలిక అని గుర్తు పెట్టినవే, మోకాలికి మంచివి అనే నమ్మకం కూడా అన్నిసార్లూ నిజం కాదు. కీస్టోన్‌లో స్కూల్‌మార్మ్ అని పేరున్న గ్రీన్ రన్ కొండ పైనుంచి కిందిదాకా మూడు మైళ్ళ పొడవుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు స్కీ ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి బ్రేకేసుకుంటూ దిగుతారు కదా, పిల్లలకి పిజ్జా అని నేర్పేది, ఆ భంగిమలో మూడు మైళ్ళు మోకాళ్ళని లోపలికి ఒత్తి పట్టుకుని దిగితే నొప్పి లేనివాళ్ళకి కూడా వస్తుంది. మోకాలి లోపలి పక్క ఉండే ఎంసీఎల్ లిగమెంట్ దెబ్బలు కొత్తవాళ్ళలో ఎక్కువ ఉండేది ఇందుకే. కాబట్టి నీక్యాప్ మీద పెట్టే డబ్బులు ఒక ఇన్‌స్ట్రక్టర్ మీద పెట్టి, స్కీలు రెండూ పక్కపక్కనే ఉంచి తిరగడం, కొండకి అడ్డంగా పెద్ద మలుపులు తీసుకుని వేగం తగ్గించుకోవడం నేర్చుకోండి. నా మోకాలికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే.

అద్దె షాపులో ఫారం నింపేటప్పుడు బరువు, వయసు, స్థాయి నిజం రాయండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత ఒత్తిడికి బూటుని వదిలేయాలి అన్న సెట్టింగు మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనం ఎలా దిగుతామన్నది చూసి పెడతారు. మగవాళ్ళు స్థాయి పెంచి, ఆడవాళ్ళు బరువు తగ్గించి రాస్తుంటే చూశాను. స్థాయి పెంచి రాస్తే బైండింగ్ బిగుసుకుంటుంది, పడ్డప్పుడు స్కీ ఊడదు, ఆ మెలిక అంతా కాలి మీద పడుతుంది. సరిగ్గా పెట్టినా బైండింగ్ కాపాడేది ముఖ్యంగా ముంగాలి ఎముకని, ఏసీఎల్‌ని కాదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. బూటు వదులుగా, హాయిగా ఉందని తీసుకోవద్దు, మడమ కదలకూడదు, ముంగాలు ముందు నాలుకకి ఆనాలి, వదులు బూటులో కాలు కంట్రోల్ చెయ్యలేక తొడలే పని మొత్తం చేస్తాయి. స్కీలు కొంచెం పొట్టివి, మెత్తనివి అడగండి, మరీ వెడల్పువి గట్టి మంచు మీద మోకాలిని మెలిపెడతాయి.

పడటం కూడా నేర్చుకోవాలి. వెర్మాంట్‌లో ఎట్లింగర్, జాన్సన్, షీలీ అనే ముగ్గురు పరిశోధకులు స్కీ దెబ్బల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, ఏసీఎల్ ఎక్కువగా తెగే తీరు ఒకదాన్ని పట్టుకున్నారు. మనిషి వెనక్కి వాలి, తుంటి మోకాలికన్నా కిందికి దిగిపోయి, కింది వైపు స్కీ మీద బరువంతా పడి, దాని లోపలి అంచు వెనక భాగం మంచులో దిగబడి కాలిని లోపలికి తిప్పేస్తుంది. ఈ తీరుని వీడియోల్లో చూపించి, కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని ఆదుకునే స్కీ పెట్రోల్ వాళ్ళకీ ఇన్‌స్ట్రక్టర్లకీ శిక్షణ ఇస్తే, శిక్షణ పొందినవాళ్ళలో తీవ్రమైన మోకాలి దెబ్బలు అంతకుముందు సీజన్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయి, 1995లో ప్రచురించారు. ఇందులో పరికరమేం లేదు, ఖర్చేం లేదు. వాళ్ళు చెప్పింది ఇంతే, పడుతున్నాం అని తెలిశాక పడిపోండి, జారుతుండగా లేవడానికి ప్రయత్నించొద్దు, పూర్తిగా ఆగేదాకా మోకాళ్ళు మడిచే ఉంచండి, చెయ్యి వెనక్కి ఆనించొద్దు. మనకి సహజంగా వచ్చేది సరిగ్గా దీనికి ఉల్టా, పడకూడదని ఆఖరిదాకా పెనుగులాడతాం. ఆడవాళ్ళు మరీ గుర్తుపెట్టుకోండి, ఏసీఎల్ తెగే అవకాశం మనకి మగవాళ్ళకన్నా ఎక్కువ.

చైర్ లిఫ్టు గురించి ఎవరూ చెప్పరు. లిఫ్టులో కూర్చున్నంతసేపూ బూటు, స్కీ బరువు మోకాలి నుంచి వేలాడుతూ ఉంటుంది, నొప్పి ఉన్న మోకాలికి ఆ పది నిమిషాలు విశ్రాంతి కాదు. కాళ్ళు పెట్టుకునే కడ్డీ ఉంటే దించి పెట్టుకోండి. లేకపోతే బాగున్న కాలి స్కీ మీద నొప్పి కాలి స్కీని ఆనించండి, కాసేపైనా తేలికపడుతుంది.

మాత్రల మీద నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. కొండ ఎక్కే ముందు ఐబుప్రొఫెన్ వేసుకోవడమంటే ఇంక చాలు అని మోకాలు చెప్పే మాట వినపడకుండా చేసుకోవడం. పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకి మంచివి కావు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళయితే డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. సాయంత్రం డైక్లోఫెనాక్ జెల్ రాసుకోండి, 2020 నుంచి అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది. నీక్యాప్ వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యంగా ఉంటుంది, వేసుకోండి, కానీ అది లిగమెంటుని కాపాడుతుందని నమ్మి ఇంకో గంట దిగొద్దు.

అసలు పని డిసెంబరులో కాదు, అక్టోబరులో మొదలవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ముందు. జిమ్ముకి టైము లేదంటారు, జిమ్ము అక్కర్లేదు. బళ్ళో మాస్టార్లు వేయించిన గోడకుర్చీ గుర్తుందా, పప్పు కుక్కరు మూడు విజిల్స్ వచ్చేలోపు అది కొన్నిసార్లు వెయ్యొచ్చు, నొప్పి పుట్టని లోతు దాకానే. మెట్టు మీద నిలబడి ఒక కాలిని నెమ్మదిగా కిందికి దించి నేలకి తాకించి మళ్ళీ పైకి తీసుకోవడం, అదే స్కీయింగ్‌కి అన్నిటికన్నా దగ్గరి వ్యాయామం, మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకుంటూ చెయ్యాలి. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, పక్కకి పడుకుని పై కాలు లేపడం, పిర్రల కండరాలకి. మొదటి రెండు వారాలు నొప్పి కొంచెం ఉంటుంది. పదికి మూడు నాలుగు దాటకుండా, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికొస్తే ఫరవాలేదు, అని నా ఫిజియో చెప్పిన కొలతే నేను కొండ మీద కూడా వాడతాను. మర్నాడు పొద్దున మెట్లు దిగితే నిన్నటికన్నా ఎక్కువ నొప్పిగా ఉంటే ఆ రోజు స్కీలు వెయ్యను, అంతే, ఎవరేమన్నా సరే.

సాయంత్రం కాండోలో అందరూ హాట్ టబ్ అంటారు. మోకాలు వాచి ఉంటే వేడినీళ్ళలోకి దిగొద్దు, ఇంకా వాస్తుంది, ఐసు పెట్టి కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి. వాపు లేకుండా కండరాల నొప్పులే అయితే హాయిగా దిగండి. కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని అర్ధరాత్రి దాకా పేకాట మాత్రం ఆ మూడు రోజులూ వద్దు, కుర్చీలో కూర్చుని ఆడండి.

చివరగా, జాగ్రత్తలన్నీ తీసుకున్నా దెబ్బ తగలొచ్చు. పడ్డప్పుడు టప్‌మని చప్పుడు వినిపించినా, గంటా రెండు గంటల్లో మోకాలు ఉబ్బిపోయినా, నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు మడవలేకపోయినా అదే రోజు ఎమర్జెన్సీకో అర్జెంట్ కేర్‌కో వెళ్ళాలి. మనవాళ్ళు బిల్లుకి భయపడి, ఆ కాలితోనే అంచెలంచెలుగా కిందికి దిగుతారు, ఉన్న దెబ్బని రెట్టింపు చేసుకుంటారు. స్కీ పెట్రోల్ వాళ్ళు స్లెడ్ మీద కిందికి తీసుకురావడానికి ఇక్కడి రిసార్టుల్లో సాధారణంగా డబ్బు తీసుకోరు, బిల్లు పడేది అంబులెన్స్ నుంచి. కాబట్టి దిగొద్దు. పక్కకి జరగగలిగితే జరిగి, స్కీలు విప్పి మీకు పై వైపున ఎక్స్ గుర్తులాగా మంచులో గుచ్చి పెడితే వచ్చేవాళ్ళకి దెబ్బ తగిలిందని తెలుస్తుంది. పెట్రోల్ నంబరు ట్రైల్ మ్యాప్ మీద ఉంటుంది, మొదటి లిఫ్ట్ ఎక్కే ముందే ఫోన్లో సేవ్ చేసుకోండి, ఫోన్ చలికి చార్జ్ తొందరగా దిగిపోతుంది కాబట్టి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి.